ట్రయంఫ్ స్పీడ్ ట్విన్ 900 కొనొచ్చా? అందులో పాత ట్రయంఫ్ ఏమైనా మిగిలిందా?

ఊళ్ళో బుల్లెట్ నడిపిన అలవాటుతో, యూకేలో ఫుల్ లైసెన్స్ రాగానే స్పీడ్ ట్విన్ 900 మీద మనసు పడిందని రాశారు. "వందేళ్ళ కంపెనీ అంటారు, నిజమేనా, పేరొక్కటే మిగిలిందా?" అని అడిగారు. నేనుండేది కోవెంట్రీలో. నడిపేది ఇదే బండి, స్ట్రీట్ ట్విన్ అనే పేరుతో అమ్మినప్పటిది. 2022లో పేరు మార్చారు.

మిగిలింది పేరేనండీ. అయినా కొనండి, కాకపోతే ఇంజన్ కోసం కొనండి.

ట్రయంఫ్ పుట్టింది కోవెంట్రీలోనే. పెట్టినాయన మాత్రం జర్మనీ నుంచి వచ్చిన సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్. సైకిళ్ళు చేస్తూ చేస్తూ 1902లో బెల్జియం ఇంజన్ బిగించి మొదటి మోటార్‌సైకిల్ తీశాడు. అచ్చమైన బ్రిటిష్ బండి అని మురిసిపోయేవాళ్ళకి ఈ సంగతి అంతగా రుచించదు. 1937లో ఎడ్వర్డ్ టర్నర్ 500 సీసీ స్పీడ్ ట్విన్ తెచ్చాక ఇక్కడి కంపెనీలన్నీ రెండు సిలిండర్ల బాట పట్టాయి. 1940 నవంబర్ బాంబుదాడిలో ఫ్యాక్టరీ నేలమట్టమైతే పక్కనే మెరిడెన్‌కి మారారు. 1959లో బాన్విల్ అనే బండి వచ్చింది అక్కడి నుంచే.

1973లో ఆ ఫ్యాక్టరీ మూసేస్తామంటే కార్మికులు కదలమని లోపలే బైఠాయించారు. 1975లో ప్రభుత్వం అప్పిస్తే కోఆపరేటివ్‌గా తామే నడుపుకున్నారు. 1983లో అదీ మునిగింది. ఇళ్ళు కట్టే వ్యాపారి జాన్ బ్లూర్ ఆ పేరు కొని, హింక్లీ అనే ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ పెట్టి, 1990లో కొత్త బళ్ళు చూపించాడు. వాటిలో ట్విన్, అంటే రెండు సిలిండర్లది, ఒక్కటీ లేదు, అన్నీ మూడు, నాలుగు సిలిండర్లే. బాన్విల్ మళ్ళీ కనబడింది 2001లో. మెరిడెన్ ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు ఇళ్ళున్నాయి. ఒక వీధి పేరు బాన్విల్ క్లోజ్. బండేసుకుని వెళ్ళి చూశాను. కార్లు, చెత్తడబ్బాలు తప్ప ఏమీ లేవు.

ఇక ఇంజన్. పాత ట్విన్లలో రెండు పిస్టన్లూ కలిసి పైకి, కలిసి కిందికి. స్పీడు పెరిగేకొద్దీ హ్యాండిల్, ఫుట్‌రెస్టులు జివ్వున అదిరేవి. 2016లో వచ్చిన ఈ 900 సీసీ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 270 డిగ్రీలది, అంటే పిస్టన్లు రెండూ కలిసి కదలవు. సిలిండర్లలో పేలుళ్ళ మధ్య ఎడం ఒకలా ఉండదు కాబట్టి శబ్దం దడ-దడ్ అని కాస్త తడబడుతూ వస్తుంది. 80 ఎన్ఎం టార్క్ (లాగే బలం) 3,800 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. రౌండెబౌట్‌లోంచి మూడో గేర్‌లోనే బయటికొచ్చి థ్రాటిల్ తిప్పితే మొరాయించకుండా లాగేస్తుంది. గేర్లు ఐదే, ఆరోది ఎప్పుడూ అవసరమనిపించలేదు.

పైపైన మాత్రం చాలా నాటకం ఉంది. ఇంజన్‌కి గాలితో చల్లబడే ఇంజన్లకుండే ఫిన్స్ (రెక్కలు) ఉంటాయి, చల్లబరిచేది ముఖ్యంగా నీళ్ళు. సన్నటి రేడియేటర్‌ని ఫ్రేమ్ గొట్టాల మధ్య ఇరికించారు. బెండ్ పైపులు నేరుగా సైలెన్సర్‌లోకి పోతున్నట్టు కనిపిస్తాయి. వంగి కిందికి చూస్తే పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ డబ్బా అక్కడ దాక్కుని ఉంటుంది. నాకైతే ఆ దాచడంలోని పనితనమే నచ్చుతుంది. హింక్లీ అని పేరేగానీ ఈ రకం బళ్ళు తయారయ్యేది థాయ్‌లాండ్‌లో. దానికి చిన్నబుచ్చుకోకండి.

ట్యాంకు 12 లీటర్లే, దూరాలు పోయేటప్పుడు బంకుల మీద ఓ కన్నేసి ఉంచాలి. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఏ బండినైనా తినేస్తుంది. ఇంటికి రాగానే వేణ్ణీళ్ళు కాదు, చన్నీళ్ళతో కడగండి.

బడ్జెట్ బిగుతుగా ఉంటే ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కూడా నడిపి చూడండి. దానిదీ 270 డిగ్రీల క్రాంకే, ధర బాగా తక్కువ. తయారయ్యేది చెన్నై దగ్గర, కానీ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ టెక్నాలజీ సెంటర్ ఉన్నది హింక్లీ ఉన్న లెస్టర్‌షైర్‌లోనే, బ్రంటింగ్‌థోర్ప్‌లో. బుల్లెట్ మీద నుంచి వస్తున్నారు కాబట్టి అది మీకు చప్పున చేతికి అలవాటవుతుంది. రెండూ ఒకే రోజు టెస్ట్ రైడ్ చేయండి, ముందు ఎన్‌ఫీల్డ్, తర్వాత ట్రయంఫ్.