పదమూడేళ్ల అమ్మాయికి యుద్ధకాలపు నవలలు ఇవ్వవచ్చా?

మీ అమ్మాయి యుద్ధకాలం నేపథ్యంలో వచ్చిన చారిత్రక నవలలు కావాలంటోంది, చదివితే భయపడుతుందేమో అని అడిగారు. నిస్సంకోచంగా ఇవ్వండి. ఈ వయసు పిల్లలు ఫోనులో రోజూ యుద్ధాలు చూస్తూనే ఉన్నారు. అక్కడ కూలిన మేడ కనిపిస్తుంది, అందులో ఉన్న మనిషి కనిపించడు. నవలలో ఆ మనిషి పొద్దున ఏం తిన్నాడో కూడా తెలుస్తుంది.

మాది తార్నాక. ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలను కూర్చోబెట్టుకుని పుస్తకాలు చదువుతాను. మొన్న వేసవిలో డెన్మార్క్ నేపథ్యంగా రాసిన నవల ఒకటి మొదలుపెట్టాం. 1943 అక్టోబరులో అక్కడి యూదులను నాజీలు పట్టుకుపోబోతుంటే, జాలరులు వాళ్లను చేపల పడవల్లో దాచి స్వీడన్‌కు దాటించారు. 7,000 మందికి పైగా అలా బతికిపోయారు. పడవలను వాసన చూడడానికి సైనికులు కుక్కలను తెచ్చేవారు. ఎండిన రక్తం, కొకైన్ కలిపిన పొడి అద్దిన జేబురుమాలు జాలరుల దగ్గర ఉండేది. రక్తం వాసనకు కుక్క దగ్గరికి వస్తుంది, కొకైన్ పీల్చగానే దాని ముక్కు మొద్దుబారుతుంది.

ఆ పేజీ దగ్గర, ఎప్పుడూ కాళ్లు ఊపుతూ కూర్చునే తొమ్మిదో తరగతి అబ్బాయి కదలడం మానేశాడు. ‘లోపల చంటిపాప ఏడిస్తే?’ అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఫోనులో మ్యాపు తెరిచి డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య జలసంధి వెడల్పు కొలిచింది. బాగా ఇరుకైన చోట సుమారు 4 కిలోమీటర్లు. ‘ఇక్కడి నుంచి సికింద్రాబాద్ స్టేషన్ అంతే కదా ఆంటీ! ఆ కాస్త దూరానికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలా?’ అంది. చీకటి పడినా ఎవరూ లేవలేదు.

రాత్రి ఒక తల్లి ఫోను చేసి, ఇలాంటివి వద్దు, పంచతంత్రం చదివించండి అన్నారు. మిత్రభేదం కథంతా నక్క చాడీలు చెప్పి, సింహం చేత ఎద్దును చంపించడమే కదా! అది పిల్లలకు ఎలా పనికొస్తుందో, ఇది ఎందుకు పనికిరాదో ఎవరూ చెప్పరు.

నా అసలు బాధ వేరే ఉంది. మరుసటి వారం ఆ మ్యాపు కొలిచిన అమ్మాయే ‘మన దగ్గర యుద్ధం రాలేదా?’ అని అడిగింది. రాకపోవడమేమిటి! 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అదే ఏడాది బర్మా నుంచి లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. ఇక 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం నిజాం పాలిస్తున్న ఈ హైదరాబాద్ రాజ్యంలోకే వచ్చింది. అప్పుడూ ఆ తర్వాతా జరిగిన హింసలో 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా. విలీనమా, విమోచనమా అని పెద్దవాళ్లం ఏటా సెప్టెంబరులో గొంతు చించుకుంటాం. ఆ ఐదు రోజులూ తలుపులు బిడాయించుకుని కూర్చున్న ఇంట్లో ఒక పద్నాలుగేళ్ల పిల్లకు ఎలా గడిచిందో రాసి పిల్లల చేతిలో పెట్టేవారేరీ?

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరసంతా తిరిగి చూడండి. ఈ వయసువాళ్లకు ఇంగ్లీషులో గుట్టలు. తెలుగులో అడిగితే నీతికథలు, లేదంటే వ్యక్తిత్వ వికాసం చూపిస్తారు. మీసాలు మొలుస్తున్న పిల్లవాడికి కుందేలు, తాబేలు కథ ఇస్తే తెలుగు చదువుతాడా?

మీరు కొనేటప్పుడు చివరి పేజీలు తిరగేయండి. ఏది జరిగింది, ఏది కల్పన అని రచయిత విడమరచి చెప్పిన పుస్తకమే తీసుకోండి. మొదటి అధ్యాయం మీ అమ్మాయితో కలిసి చదవండి. ఇది చదువుతున్న వాళ్లలో ఎవరైనా 1948 మీద పిల్లల నవల తెలుగులో రాస్తూ ఉంటే చెప్పండి, మా పిల్లలందరికీ తలా ఒక ప్రతి కొంటాను.