ముసలివాళ్ల ఊరికి పని కోసం వస్తున్న అమ్ములుకి

చి. అమ్ములుకి, పిన్ని ఆశీస్సులు.

నీకు పని ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది. నాకు సంతోషం కొంత, టెన్షన్ కొంత. నువ్వొచ్చేది పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి కాదు, గువార్దా వైపు కొండ ఊరికి. వీడియోల్లో చూసిన పసుపు ట్రాములు, సముద్రం అక్కడ ఉండవు. గువార్దా పట్నమే సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంది. రాతి ఇళ్లు, చెస్ట్‌నట్ చెట్లు, చలి, ముసలివాళ్లు. ఇళ్లు వెచ్చగా ఉంటాయనుకోకు. చాలా ఇళ్లలో హీటర్లు సరిగా ఉండవు, బయటికంటే లోపలే ఎక్కువ చలి. ఉన్ని సాక్సులు నాలుగు జతలు తెచ్చుకో.

పోర్చుగల్ మొత్తం జనాభా ఇంచుమించు మన హైదరాబాద్ అంత. 2011లో 1,05,62,178 మంది ఉంటే 2021 లెక్కకి 1,03,43,066కి దిగారు. ఆ తర్వాత బ్రెజిల్ వాళ్లు, మన దేశం వాళ్లు, నేపాల్ వాళ్లు వచ్చి మళ్లీ పెరిగింది గానీ, వచ్చినవాళ్లు ఎక్కువగా తీరం వెంబడే ఆగిపోయారు. 2021లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలు వందమంది ఉంటే 65 దాటినవాళ్లు 182 మంది. అది దేశం మొత్తం సగటు. మన కొండ ఊళ్లలో పిల్లాడి ఏడుపు వినపడితే పండగే. ఇక్కడ జీఎన్ఆర్ అని పల్లెల్లో తిరిగే పోలీసులున్నారు. ఏటా ఇంటింటికీ వెళ్లి, ఒంటరిగానో ఊరికి దూరంగానో ఏ దిక్కూ లేకుండానో ఉంటున్న ముసలివాళ్లను లెక్క రాసుకుంటారు. దేశం మొత్తం మీద 40 వేలకు పైనే తేలుతున్నారు.

నువ్వు పనిచేసే చోటుని ‘లార్’ అంటారు. వృద్ధాశ్రమం అని మనం తెలుగులో అనగానే మనసులో ఒక తీర్పు పడిపోతుంది కదా, పిల్లలు గాలికొదిలేశారని. ఆ తీర్పు విమానం ఎక్కే ముందే దింపేసుకో. నేను దింపుకోలేదు. చేరిన మొదటి నెల్లోనే ఒకావిడని అడిగేశాను, మీ పిల్లలు రారా అని. ఆవిడ మాట్లాడలేదు. మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా లాగి, ఒక ఫోటో నా చేతిలో పెట్టింది. నడిమికి చింపి, మళ్లీ జిగురుతో అతికించిన ఫోటో.

తర్వాత తెలిసింది ఆ కథ. 1960లలో ఇక్కడ సలాజార్ అనే నియంత పాలన. పల్లెల్లో తిండికి కటకట. ఆఫ్రికాలో వీళ్లు ఏలుతున్న దేశాల్లో, 1961 నుంచి అంగోలాలో, ఆ తర్వాత గినీలో, మొజాంబిక్‌లో యుద్ధం, కుర్రాళ్లందరూ సైన్యంలోకి పోవాలి. అందుకని రాత్రిళ్లు దొంగదారిన స్పెయిన్ దాటి, పిరెనీస్ కొండలెక్కి ఫ్రాన్స్ పోయేవాళ్లు. దాటించేవాడికి డబ్బు మొత్తం ముందే ఇచ్చేవాళ్లు కాదు. ఫోటో చింపి సగం ఇంట్లో ఉంచి, సగం మనిషి జేబులో పెట్టుకునేవాడు. క్షేమంగా చేరాక ఆ సగం ఇంటికి తిరిగొచ్చేది. రెండు ముక్కలూ అతికితేనే మిగతా డబ్బు. ఆవిడ ఆ ముక్క కోసం నలభై రోజులు ఎదురుచూసిందట. తర్వాత తనూ వెళ్లింది, పారిస్‌లో మెట్లు తుడిచింది. పిల్లలు అక్కడే పెరిగారు, అక్కడే ఉండిపోయారు. వదిలేయడం కాదది.

1960 నుంచి 1974 దాకా ఈ చిన్న దేశం నుంచి పది లక్షల పైచిలుకు మంది వెళ్లిపోయారు. మన గోదావరి జిల్లాల ఆడవాళ్లం కువైట్‌లో ఏం చేశామో, వీళ్లు పారిస్‌లో అదే చేశారు. నేను కువైట్‌లో పదకొండేళ్లు చేశానని చెప్పిన రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నీ గురించి అడిగితే సిగ్గుపడకుండా చెప్పు, ఎందుకొచ్చావో, ఇంటికెంత పంపుతున్నావో. వాళ్లకి కొత్త కాదు. మగవాళ్లు కొందరు ‘ఇండియా’ అనగానే ‘గోవా!’ అంటారు. 1961లో గోవా వీళ్ల చేతుల్లోంచి మన దేశానికి వచ్చేసిన ముచ్చట ఎత్తితే వాదించకు, విను.

కాగితం చేతికిచ్చి చదువుకోమనకు. 1970లో ఈ దేశంలో నాలుగోవంతు మందికి చదువు రాదు. ఎనభై దాటినవాళ్లలో నాలుగో తరగతితో ఆపేసినవాళ్లే ఎక్కువ. మందుల చీటీ నువ్వే పైకి చదువు, కళ్లజోడు లేదన్న సాకు వాళ్లకి మిగల్చు. ఆ రోజుల్లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసివాళ్లలో 55 మంది ఏడాది నిండకుండానే పోయేవారు, ఇప్పుడు ముగ్గురు దాకా. కాబట్టి ఎవరైనా లేని బిడ్డని పేరు పెట్టి పిలిస్తే మతిమరుపు అని వెంటనే రాసెయ్యకు.

భాష కోసం భయపడకు. మేస్త్రి, ఇస్త్రీ, బొత్తాం, తువాలు, అనాస, ఇవన్నీ వీళ్ల మాటలే, మన నోట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అసలు కష్టం పిలుపులో. ‘తు’ అంటే మన నువ్వు. పెద్దవాళ్లని అలా అనకూడదు. ‘వొసే’ మర్యాద అని భాష నేర్పే యాప్‌లో చెబుతారు, అది బ్రెజిల్ సంగతి. ఇక్కడ ముసలావిడ మొహం మాడ్చుకుంటుంది. ‘దోనా’ అని పేరుకి ముందు తగిలించి, ‘దోనా మరియా సూప్ తాగుతారా?’ అన్నట్టు మాట్లాడు. ఎదుటి మనిషినే మూడో మనిషిలా అనడం, మన పల్లెల్లో ‘అయ్యగారు భోంచేస్తారా’ అన్నట్టే. ఇంకోటి, ‘పొయ్ష్’ అనే మాట. వాళ్లు చెబుతుంటే మధ్యమధ్యలో పొయ్ష్, పొయ్ష్ అంటూ ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టని మనిషిని ఇక్కడా ఎవరూ ఇష్టపడరు.

తిండికి ఇబ్బంది లేదు. భోజనానికి ముందు సూప్ ఉండి తీరాలి. బకల్యావు అని ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప, రోజున్నర నీళ్లలో నానబెట్టి వండుతారు. మన ఎండుచేపలు తిన్నదానివి, నీకు నచ్చుతుంది.

డబ్బు సంగతి. 2025లో కనీస జీతం నెలకు 870 యూరోలు ఉండేది. సెలవుల బోనస్, క్రిస్మస్ బోనస్ కలిపి ఏడాదికి 14 జీతాలు. నీ వాటా కింద 11 శాతం సోషల్ సెక్యూరిటీకి, అంటే పింఛను లాంటివి ఇచ్చే ప్రభుత్వ నిధికి, కోత పడుతుంది. ఆ డబ్బు నిజంగా కడుతున్నారో లేదో రెండో నెల్లోనే ఆన్‌లైన్‌లో చూసుకో. నా మొదటి యజమాని ఏడు నెలలు కోసుకున్నాడు, ఒక్క సెంటు కట్టలేదు. అడగడానికి మొహమాటపడ్డాను, నష్టపోయాను.

నువ్వు అక్టోబర్ చివర దిగుతున్నావు. నవంబర్ 1న ఊరంతా సమాధుల దగ్గరికి వెళ్తుంది, రాళ్లు కడిగి చామంతులు పెడతారు. మంచం దిగలేనివాళ్లు నీ చేతిలో ఐదు యూరోలు పెట్టి, మా ఆయనకి పూలు పెట్టి రా అంటారు. డబ్బు వద్దనకు, తీసుకో. పూలు పెట్టాక ఫోన్‌లో ఫోటో తీసి, వెనక్కి వచ్చి పెద్దది చేసి చూపించు, రాతి మీద పేరు కనిపించేలా.

మీ పిన్ని