ముందు స్ట్రట్‌లను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా కారు కొని తొమ్మిదేళ్లయింది. బ్రేకు వేస్తే ముందుభాగం బాగా కిందికి వంగుతోంది. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా ఎడమవైపు టకటకమంటోంది. ఆ వైపు షాక్ అబ్జార్బర్ మీద నూనె కారి దుమ్ము పేరుకుంది. జాకీ, పానాలు నా దగ్గర ఉన్నాయి. ఎడమవైపుది మాత్రం నేనే మార్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నూనె కారిందంటే ఎడమ స్ట్రట్, అంటే స్ప్రింగుతో కలిసి ఉండే ఆ షాక్ అబ్జార్బర్, పని అయిపోయినట్టే. అయితే స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో బండి ఒరుగును తగ్గించే కడ్డీని స్ట్రట్‌కు కలిపే చిన్న ముక్క) వదులైనా, స్ట్రట్ పైనుండే రబ్బరు మౌంటు అరిగినా అదే శబ్దం వస్తుంది కనుక కొత్తవి కొనే ముందు వాటినీ పట్టి కదిపి చూడండి. ఒక్క ఎడమవైపే మార్చడం సరికాదు. ఒక వైపు కొత్తది, మరో వైపు అలసిపోయినది ఉంటే సింహాచలం ఘాట్ మలుపుల్లో కుడికి తిప్పినప్పుడు ఒకలా, ఎడమకు తిప్పినప్పుడు మరోలా బండి ఒరుగుతుంది.

స్ట్రట్‌ను విప్పి దింపడం ఓపికున్నవారు చేయగలిగిన పనే. అపార్ట్‌మెంటు సెల్లారు వాలు మీద కాకుండా చదునైన గచ్చు మీద కారును నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీని నమ్ముకోకుండా స్టాండ్ల మీద దించండి. సముద్రపు గాలికి మన ఊళ్లో అడుగుభాగం బోల్టులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి ముందురోజు రాత్రే వాటికి తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచడం మేలు. చక్రం తీశాక, స్ట్రట్‌కు బిగించి ఉన్న బ్రేకు గొట్టాన్నీ, ఏబీఎస్ తీగనూ, లింకునూ విడదీయండి. కింద నకిల్‌ను (చక్రాన్ని మోసే ఇనుప భాగాన్ని) పట్టి ఉంచే రెండు బోల్టులను విప్పేముందు వాటి స్థానాన్ని సుద్దతోనో పెయింటుతోనో గుర్తించుకోండి. బోల్టులు ఊడగానే నకిల్ బయటికి వాలి, బ్రేకు గొట్టం మీద బరువు వేస్తుంది, యాక్సిల్ జాయింటునూ లాగుతుంది. అందుకే ముందుగానే దాన్ని తీగతో కట్టి ఉంచాలి.

బానెట్ కింద, స్ట్రట్ తలమీద చుట్టూ ఉన్న చిన్న నట్లను మాత్రమే విప్పండి. నడుమనున్న పెద్ద నట్టును ముట్టుకోవద్దు. చక్రం గాలిలో వేలాడుతున్నా లోపలి స్ప్రింగు ఇంకా నొక్కుకునే ఉంటుంది, దాన్ని పట్టి ఆపుతున్నది ఆ నట్టే. అది వదిలితే స్ప్రింగు ఎగిరి తగిలి ప్రాణం మీదికి రావచ్చు. స్ప్రింగు మార్పిడికి స్ప్రింగును నొక్కి పట్టే అద్దె కంప్రెసర్లతో ఇంట్లో ప్రయోగాలు చేయమని నేను ఎవరికీ చెప్పను. దింపిన రెండింటినీ స్కూటరు మీద పెట్టుకుని వర్క్‌షాపుకు తీసుకెళ్లి, పాత స్ప్రింగులను కొత్త స్ట్రట్‌లకు అక్కడే మార్పించండి. మౌంట్లు, బేరింగులు కూడా అప్పుడే కొత్తవి వేయించుకోండి, మళ్లీ ఇదంతా విప్పే శ్రమ తప్పుతుంది.

తిరిగి బిగించేటప్పుడు మీ కారు సర్వీసు పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించండి. మీరు పెట్టుకున్న గుర్తు, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంటు షాపు దాకా మెల్లగా నడిపించడానికి మాత్రమే పనికొస్తుంది. ఆ రెండు బోల్టుల దగ్గర కొద్దిపాటి తేడా వచ్చినా చక్రం వాలు మారి టైరు ఒక పక్కే అరిగిపోతుంది. అందుచేత ఆ షాపు తెరిచి ఉండే రోజు చూసుకుని పని మొదలుపెట్టండి.