కంట్లో జారిన అద్దం మళ్ళీ నిలబడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది పలాస దగ్గర పల్లె, ఉద్దానం వైపు. మా నాన్నకి 71 ఏళ్ళు, పదేళ్ళ కిందట కుడి కంటికి శుక్లం తీసి లెన్స్ పెట్టారు, ఇన్నాళ్ళూ బాగానే కనిపించింది. మొన్న జీడితోటలో పిక్కలు కోస్తుంటే వంచిన కొమ్మ చెయ్యి జారి కంటికే కొట్టింది. అప్పట్నుంచి ఆ కంటితో చూస్తే ఒక దీపం రెండుగా కనిపిస్తోందట, పడుకుంటే లోపల ఏదో కదుల్తోందట. దగ్గర్లో చూపిస్తే లెన్స్ జారిపోయిందన్నారు. ఊళ్ళో వాళ్ళేమో అప్పట్లో నాసిరకం అద్దం వేసుంటారు అంటున్నారు, నాన్నేమో మళ్ళీ కత్తి పెట్టించుకోను, ఒక కన్నుంది చాలు అంటున్నాడు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: ముందు నాన్నని బయల్దేరదీయమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. దెబ్బ తగిలి జారింది కాబట్టి లెన్స్ ఒక్కటే కాదు, వెనకున్న రెటీనా, అంటే బొమ్మ పడే పొర, చిరిగిందేమో కూడా చూడాలి, వారం దాటనివ్వొద్దు. మెరుపులు కొట్టినా, నల్లచుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, ఒక పక్క తెర దిగినట్టున్నా, కన్ను నొప్పితో వాంతులైనా మాత్రం ఆ రోజే వెళ్ళిపోవాలి.

ఇక అద్దం నాసిరకమా అంటే, కాదనే చెప్తాను. కంట్లో మన సొంత లెన్స్ ఒక పల్చటి సంచిలో ఉంటుంది, ఆ సంచిని చుట్టూ సన్నటి దారాలు పట్టి ఉంచుతాయి, అచ్చం ఉట్టిలో కుండలాగ. శుక్లం ఆపరేషన్లో సంచిలో ఉన్న మసక పదార్థం తీసేసి అదే సంచిలో కొత్త అద్దం పెడతారు. ఉట్టి తాళ్ళు తెగితే కుండ ఒరుగుతుంది గానీ అది కుండ తప్పు కాదు కదా. మీ నాన్నకి కొమ్మ దెబ్బకి తెగాయి. కొంతమందికి దెబ్బేమీ లేకుండానే వయసుతో లోపల పొట్టులాంటిది పేరుకుని ఈ దారాలు పట్టు తప్పుతాయి, దాన్నే సూడోఎక్స్‌ఫోలియేషన్ అంటాం. బాగా ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్ళకీ, ఇదివరకు రెటీనా ఆపరేషన్ అయినవాళ్ళకీ కూడా ఇలా జారొచ్చు. లండన్లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు 1949లో మొదటిసారి ఈ అద్దం పెట్టాడంటే, యుద్ధంలో విమానం ప్లాస్టిక్ అద్దం ముక్కలు పైలట్ల కళ్ళల్లో గుచ్చుకున్నా ఆ ప్లాస్టిక్‌ని కన్ను ఓర్చుకుంటోందని గమనించే పెట్టాడు. అద్దం అంత తేలిగ్గా చెడదు.

కొంచెం ఒరిగి చూపు బాగానే ఉంటే వదిలేసి కనిపెట్టుకుని ఉంటాం. మీ నాన్నకి రెండుగా కనిపిస్తోంది, పడుకుంటే కదుల్తోంది, అంటే బహుశా ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఉన్న అద్దం బాగుంటే దాన్నే పైకి లాగి కంటి తెల్లగుడ్డు గోడకి కుట్టొచ్చు. పనికిరాకపోతే తీసి వేరేది పెడతారు. పూర్తిగా వెనక్కి పడిపోయి రెటీనా మీద కూర్చుంటే మాత్రం ముందు సన్నటి రంధ్రాల్లోంచి లోపలి జెల్ తీసి అప్పుడు అద్దాన్ని పైకి తేవాలి, అందుకే మామూలు కంటి డాక్టరు కాకుండా రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళమనేది.

సంచి ఆధారం లేనప్పుడు కొత్త అద్దం నిలబెట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. కనుపాప చుట్టూ ఉండే రంగు పొరకి పీతగోళ్ళలా పట్టుకునే అద్దం ఒకటి. తెల్లగుడ్డుకి దారంతో కుట్టేది ఇంకోటి, కానీ ఆ దారం వెంట్రుక కంటే సన్నం, కొన్నేళ్ళకి తెగిన కేసులు ఉన్నాయి. చెన్నైలో అమర్ అగర్వాల్ గారు అద్దానికి రెండు పక్కలా సన్నటి తీగల్లా ఉండే చేతుల్ని తెల్లగుడ్డు పొరలో దోపి జిగురుతో అతికించే పద్ధతి తెచ్చారు, పంచె కొస దోపినట్టు అనుకోండి. జపాన్‌లో షిన్ యమానే చేసింది ఇంకా చిత్రం, రెండు సన్నటి సూదులతో ఆ చేతుల్ని బయటికి లాగి కొసకి వేడి చూపిస్తాడు, వల కట్టే నైలాన్ దారం కొస కాలిస్తే ముద్దకడుతుందే అలా చిన్న గుండవుతుంది, దాన్ని గోడలోకి నెట్టేస్తే కుట్టూ లేదు జిగురూ లేదు. ఏది గొప్ప అంటే ఏ ఒక్కటీ మిగతావాటి కంటే మేలని తేలలేదు, చేసే డాక్టరు చెయ్యి దేనికి అలవాటో అదే మంచిది. ఆ మాట మొహమాటం లేకుండా అడగండి. కంట్లో ప్రెషర్ పెరగడం, రక్తం కారడం, రెటీనా ఉబ్బడం, ఊడడం లాంటివి జరగొచ్చు, అదీ ముందే వివరంగా చెప్పించుకోండి.

మీది ఉద్దానం అన్నారు, ఆ వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి ఇది మర్చిపోవద్దు. నాన్నకి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి రిపోర్ట్ పట్టుకెళ్ళండి. కంటి ప్రెషర్ తగ్గించడానికి ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి పడదు, కొన్ని నొప్పి మాత్రలూ అంతే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి. పాత ఆపరేషన్ కార్డు కూడా వెతకండి, దాని మీద లెన్స్ స్టిక్కర్ అతికించి ఉంటుంది, ఏ అద్దమో ఎంత పవరో అందులో తెలుస్తుంది. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఖర్చు సంగతి అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి.

నాన్నతో ఇలా చెప్పండి. ఒరిగిన అద్దం లోపల రాసుకుంటూ ఉంటే కంటి ప్రెషర్ పెరగొచ్చు, ప్రెషర్‌కి చూపు నరం పోతే ఆ చూపు ఇక ఏ ఆపరేషన్‌తోనూ రాదు. ఈ ఆపరేషన్ చాలామందికి కంటి పక్కన మత్తు ఇంజక్షన్ ఇచ్చే చేస్తారు, నొప్పి గురించి భయపడక్కర్లేదు.

ప్రశ్న: మాది బొబ్బిలి. రెండేళ్ళ కిందట ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు మెల్లమెల్లగా మసక వస్తోంది. నా అద్దం కూడా జారిపోయిందా?

జవాబు: అలా అనిపించట్లేదమ్మా. జారితే తరచుగా చూపు ఉన్నట్టుండి మారుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. మీకు నెమ్మదిగా వస్తోందంటే ఎక్కువగా అద్దం వెనకున్న సంచి పొర మసకబారి ఉంటుంది. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో ఆ పొరకి చిన్న కిటికీ తెరుస్తారు, కోత ఉండదు, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. కాకపోతే ముందు చుక్కలు వేయించుకుని కంటి లోపలంతా చూపించుకోండి, చుక్కలు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది కాబట్టి బస్సెక్కించడానికి ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.