ఆ జాబితా పక్కన పెట్టు

చి. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు. అల్లుడికి కూడా.

భూమికి భారం కాకుండా బతకాలనుకుంటున్నామని చెప్పి నువ్వు పంపిన జాబితా చూశాను. వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, గాజు డబ్బాల సెట్టు, అరడజను జనపనార సంచులు. అన్నీ కలిపితే ఏడెనిమిది వేలు. ఆలోచన మంచిదే, కానీ ఇందులో ఒక్కటీ కొనవద్దు. ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పారేసి గాజువి తెచ్చుకుంటే చెత్త తగ్గిందా, పెరిగిందా? కందిపప్పు ఆ డబ్బాలోనే ఇంకో పదేళ్లు నిక్షేపంగా ఉంటుంది. వేడి పదార్థాలు మాత్రం అందులో వేయకు. వాటికి మా వదిన ఇచ్చిన స్టీలు గిన్నెలు అటక మీద మూలుగుతున్నాయి కదా. ఇక సంచులంటావా, పాత లుంగీ ఒకటి దర్జీకి ఇస్తే రెండు కుట్టి ఇస్తాడు. అవి తలుపు వెనక మేకుకు వేలాడాలి. బీరువాలో ఉన్న సంచి బజారుకు రాదు.

డబ్బు పెట్టవలసిన చోటు ఒకటుంది, ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. బ్రష్షులు లేని మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ రకం 30 వాట్ల దరిదాపుల్లోనే అంత గాలీ ఇస్తుంది. రోజుకు పదహారు గంటలు తిరిగే ఫ్యాను మార్చితే నెలకు ఇరవై యూనిట్ల పైనే మిగులుతాయి. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుంది కాబట్టి మిగిలేవి ఖరీదైన యూనిట్లే. మూడు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఇంట్లో అన్నీ మార్చకు, హాల్లోదీ పడకగదిలోదీ చాలు. చుట్టాలు వస్తే తప్ప తిరగని ఫ్యాను ఎంత పాతదైతే మాత్రం ఏమిటి? అద్దె ఇల్లు కదా అని వెనకాడకు. ఇంటివాళ్ల ఫ్యాను విప్పి అట్టపెట్టెలో దాచు, ఖాళీ చేసేటప్పుడు అది బిగించి నీది నువ్వు తీసుకుపో.

ఏసీ సంగతి అల్లుడికి చెప్పు. 2020 నుంచి స్టార్ ముద్రతో వచ్చే గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టారు. దాన్ని 18కి దించి దుప్పటి కప్పుకునేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 26లో పెట్టి ఫ్యాను కలిపి వేసుకోండి, హాయిగా నిద్ర పడుతుంది.

గ్యాసుకు పెద్ద చిట్కాలేమీ లేవు. బియ్యం, పప్పు అరగంట ముందు నానబెట్టు. కుక్కరు మొదటి కూత వేశాక మంట తగ్గించు. ఆ తరువాత ఎంత మంట పెట్టినా లోపల వేడి పెరగదు, ఆవిరై పోవడమే.

నీళ్ల గురించి మాత్రం కాస్త ఓపికగా విను. మీ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో ఎత్తిపోస్తే హైదరాబాద్ చేరుతున్నాయి. ఒలికిన ప్రతి బిందెలోనూ కరెంటు ఉంది. అలాంటి నీళ్లను తెచ్చి ఆర్వో యంత్రంలో పోస్తే, లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు పక్క గొట్టంలోంచి కారిపోతాయి. ముందు నీకు ఆర్వో కావాలో వద్దో చూసుకో. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, అపార్ట్‌మెంట్‌లో ఎవరి దగ్గరైనా ఉండే ఉంటుంది. తాగే నీటికి మన ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు. కుళాయి నీళ్లు ఆ లోపే ఉంటే యూవీ ఫిల్టరో, కాచి వడకట్టుకోవడమో సరిపోతుంది. బోరు నీళ్లయితే వేరే మాట. ఫ్లోరైడ్ లాంటివి ఉన్నాయో లేవో ఆ మీటరు చెప్పదు, ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. ఆర్వో తప్పదంటే, కారే నీళ్ల కింద బకెట్టు పెట్టు. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి అవి చక్కగా పనికొస్తాయి, మొక్కలకు మాత్రం రోజూ పోయకు.

ఇక చెత్త. నిజానికి ఇదంతా రాయడం మొదలుపెట్టింది దీనికోసమే. మీ నగరం చెత్త పోయేది జవహర్‌నగర్ గుట్టలకు. వంటింటి తడి చెత్త అక్కడ గాలి ఆడకుండా కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది, పక్క ఊళ్లవాళ్లకు వాసన మిగులుతుంది. అదే చెత్త నీ బాల్కనీలో రెండు మట్టి కుండల్లో ఎరువైపోతుంది.

అయితే కుండ దాకా పోనివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. బీరకాయ చెక్కు పారేస్తావటగా, మా అన్నయ్య చెప్పాడు! లేత చెక్కును నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, చింతపండు చేర్చి నూరితే బీరపొట్టు పచ్చడి. సొరకాయ చెక్కుతోనూ అంతే. కొత్తిమీర కాడలు చారులోకి, గంజి చీరలకు.

మిగిలినదే కుండకు. కుండ అడుగున, పక్కల చిన్న చిన్న చిల్లులు పెట్టించి ఇటుకల మీద నిలబెట్టు. అడుగున కొబ్బరి పీచు పరుచు. రోజూ చెత్తను నీళ్లు ఓడ్చి వేసి, దానికి రెట్టింపు ఎండుటాకులు పైన కప్పు. ఎండుటాకులు మీ వాచ్‌మన్‌ను అడిగితే గోనెసంచి నిండా ఇస్తాడు, రోజూ ఊడ్చి తగలబెట్టేవి అవేగా. మొదట్లో పుల్లటి మజ్జిగ ఒక గ్లాసు చల్లితే త్వరగా అందుకుంటుంది. వారానికోసారి కర్రతో కలియబెట్టు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకో రెండు గుప్పిళ్ల ఎండుటాకులు వెయ్యి. తెల్లటి బూజు చూసి భయపడకు, అది పని చేస్తోంది. బూడిదరంగు పురుగులు కనబడినా అంతే, తినడం వాటి పని. మాంసం ముక్కలు, నూనె తేలే కూరలు మాత్రం వేయవద్దు. మొదటి కుండ నిండాక మూత పెట్టేసి రెండోది మొదలుపెట్టు. రెండు మూడు నెలల్లో మొదటిది నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో తయారవుతుంది. జల్లించి, ఒక వంతు ఎరువుకు మూడు వంతుల మట్టి కలిపి పుదీనా పెట్టు.

నిమ్మ, బత్తాయి తొక్కలు కుండలో ఎక్కువ పడితే బాగుండదు. వాటికి వేరే దారి ఉంది. బెల్లం ఒక వంతు, తొక్కలు మూడు వంతులు, నీళ్లు పది వంతులు, పాత ప్లాస్టిక్ సీసాలో పోసి మూడు నెలలు వదిలెయ్యి. మొదటి నెల రోజూ మూత తిప్పి గాలి వదలాలి, గాజు సీసా అయితే పగులుతుంది. ఆ నీళ్లు వడకట్టి, పలచన చేసి నేల తుడుచుకోవచ్చు. పట్టుచీరలకు కుంకుడు రసం ఎలాగూ నీకు తెలుసు.

ఇంకొకటి. నెలసరి ప్యాడ్లు పారేసేటప్పుడు కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి, విడిగా ఇవ్వు. చెత్త వేరుచేసేవాళ్లు చేత్తో తియ్యాలి వాటిని. అలవాటు పడగలిగితే నెలసరి కప్పు చూడు, ఒకటి కొంటే ఏళ్లు వస్తుంది. మా కాలంలో లేకపోయింది.

వచ్చే నెల వ్రతానికి యాభై మందిని పిలుస్తానన్నావు. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధమే అయినా వంటవాడు ఇంకా తెస్తాడు, ముందే వద్దని చెప్పు. కాగితం గ్లాసు మంచిదనుకోకు, దానికీ లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. స్టీలు గ్లాసులు సామాన్లు అద్దెకిచ్చే కొట్టులో దొరుకుతాయి. చిన్న నీళ్ల సీసాలు పెట్టవద్దు, సగం తాగి వదిలేస్తారు. అన్నం ఒకేసారి వండించకు, రెండో వాయికి ఎసరు సిద్ధంగా ఉంచమను. పిల్లలకు సగం ఆకు చాలు. అడ్డాకుల విస్తళ్లు మన్యం నుంచి మా బజారుకు వస్తాయి. ఎందరో లెక్క తేల్చి వారం ముందు ఫోను చెయ్యి, కట్ట కట్టించి బస్సులో వేయిస్తాను. దింపుకోవడానికి అల్లుణ్ణి పంపు.

ఇట్లు,
అత్తయ్య
రాజమహేంద్రవరం