“మీ ఇండియన్స్” అన్నాడు నా కొడుకు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 52 ఏళ్ళు. మా ఆయన 2005 నుంచి 2016 దాకా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేశారు. ఆ డబ్బుతోనే మా ఒక్కగానొక్క కొడుకును చదివించి జర్మనీకి పంపినాం. వాడు అక్కడ ఎం.ఎస్. చేసి, ఉద్యోగంలో చేరినాడు. పోయి ఆరేళ్ళయింది. ఈ సంక్రాంతికి మూడు వారాలు వచ్చినాడు. దిగినప్పటి నుంచి అన్నీ తప్పులే. హారన్ కొడితే తప్పు, చుట్టాలు చెప్పిన టైముకు రాకపోతే తప్పు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు కాఫీ వేరే గ్లాసులో ఇస్తాం, మా అత్త కాలం నుంచీ అదే అలవాటు. కనుమ రోజు చుట్టాలందరి ముందర వాడు ఆ గ్లాసు తీసి బయట పారేసి, “మీ ఇండియన్సంతా ఇంతే” అన్నాడు. మా ఆయనకు మండిపోయింది. “అమ్మానాయనలను ఆశ్రమాల్లో పడేసేవాళ్ళ నీతులు నాకు చెప్తావా? తెల్లోళ్ళకు మనసే ఉండదు” అన్నారు. ఆరోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మా ఆయన అరబ్బులను కూడా రాతి మనుషులంటారు. కానీ ఆయన పనిచేసిన ఇంటి ముసలావిడ పోయిందని ఫోన్ వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. ఆ ఇంట్లో ఆయనకూ తట్ట, కప్పు వేరేగా ఉండేవని ఒకే ఒక్కసారి చెప్పినారు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పిల్లోడు చేయి దాటిపోయినాడని చుట్టాలు అంటున్నారు. నిజంగానే పోయినాడా? నేనేం చేయాల?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. అది తేలకపోతే మిగతాదేదీ మీ మనసుకెక్కదు. మీ అబ్బాయి ఎక్కడికీ పోలేదు. జర్మనీలో ఉద్యోగం చేసేవాళ్ళకు మామూలుగా ఏడాదికి 25 నుంచి 30 రోజుల సెలవు ఉంటుంది. అందులో సగమో, అంతకన్నా కొంచెం ఎక్కువో తెచ్చి మీ ఇంట్లో గడిపాడు. చేయి దాటిపోయిన కొడుకు ఆ పని చేయడు.

అయినా “మన” అనాల్సిన చోట “మీ” అన్నాడు. అది మిమ్మల్ని ఎంత కోసిందో మీ ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తోచింది చెబుతాను, తప్పయితే అతన్నే అడిగి సరిచూసుకోండి. బయటి దేశంలో ఉండే మన పిల్లలు చాలామంది నాతో ఒకే మాట చెప్పారు. అక్కడ వాళ్ళు ఇండియా మొత్తానికి జవాబుదారులు. మన దేశం గురించి ఏ చెడ్డ వార్త వచ్చినా మర్నాడు ఆఫీసులో వీళ్ళనే అడుగుతారు. మీ దగ్గర ఇంకా కులాలున్నాయా, ఆడపిల్లలకు అంత కష్టమా, మీరంతా కంప్యూటర్ల వాళ్ళేనా అని. అడిగేవాళ్ళలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. కానీ 140 కోట్ల మంది తరఫున ఒక్కడే జవాబు చెప్పుకోవాలంటే అలసట వస్తుంది, సిగ్గు కూడా వస్తుంది. అదంతా పాతకాలం, మా ఇంట్లో అలాంటివి లేవు అని అక్కడ ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. ఇంటికి వచ్చి చూస్తే సొంత అమ్మ వంటింట్లోనే ఆ గ్లాసు కనిపించింది. పరాయి ఇంట్లో కనిపించి ఉంటే బహుశా అంత కోపం వచ్చేది కాదు.

నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాలో ఉండి వచ్చిన 200 మంది తన దేశస్థులతో మాట్లాడి 1955లో ఒక వ్యాసం రాశాడు. కొత్తలో అంతా బాగుంటుందని, ఆరు నెలలు దాటాక మనసు కిందికి జారుతుందని, ఏడాదిన్నర దాటాక మళ్ళీ కుదుటపడుతుందని అందులో తేల్చాడు. తిరిగి ఇంటికి వచ్చినప్పుడు కూడా ఇదే ఎత్తూ పల్లం మళ్ళీ వస్తుందని 1963లో పరిశోధకులైన గల్లహార్న్ దంపతులు దానికి చేర్చారు. పరాయి దేశం కొత్తగా ఉంటుందని ఎవరైనా సిద్ధపడే పోతారు. సొంత ఇల్లు కొత్తగా కనిపిస్తుందని ఎవరూ అనుకోరు. మీ అబ్బాయి ఆ పల్లంలో ఉండగానే మూడు వారాలు అయిపోయాయి.

ఇది చెప్పినంత మాత్రాన అతను చేసింది ఒప్పని కాదు. గ్లాసు గురించి అతనికొచ్చిన బాధ న్యాయమైనదే, నేనూ అతని పక్షమే. కానీ చుట్టాల ముందర తండ్రిని తలదించుకునేలా చేశాడు. ఇంకో మనిషి గురించి మీరు రాయలేదు. ఆ గ్లాసులో రోజూ కాఫీ తాగే ఆమె ఆ రోజు అక్కడే ఉందా? తన గ్లాసు వీధిలో పడితే ఆమెకెలా అనిపించిందో ఎవరైనా అడిగారా? ఆమె కోసమే అంత కోపం తెచ్చుకున్నవాడు ముందు ఆమెతో ఒక్క మాట మాట్లాడి ఉండాల్సింది.

నాది కడప. హైదరాబాద్‌లో చదువుకోవడానికి పోయినప్పుడు హాస్టల్లో మొదటిరోజే ఒకమ్మాయి నా పెట్టె వైపు చూసి, “బాంబులేమైనా తెచ్చినావా?” అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. మా నాయన జన్మలో కోడిని కూడా కోసిన మనిషి కాదు. కొందరి ఫ్యాక్షన్‌కు, దాన్ని చూపించిన సినిమాలకు మా ఇంటి మంచితనమంతా పోయింది. “సీమవాళ్ళంటే ఇంతే” అనే మాట ఎక్కడ తగులుతుందో మీకూ తెలుసు, మీ ఆయనకూ తెలుసు, మీ అబ్బాయికీ తెలుసు. మరి “తెల్లోళ్ళకు మనసుండదు”, “అరబ్బులు రాతి మనుషులు”, “ఇండియన్సంతా ఇంతే” అనేవి వేరే మాటలా?

ఒక దేశంవాళ్ళు ఇలాంటివాళ్ళు అని జనం చెప్పేదాన్ని, ఆ దేశపు మనుషులను విడివిడిగా పరిశీలిస్తే తేలిన స్వభావాలతో పోల్చి చూశారు పరిశోధకులు. 49 సంస్కృతులలో చేసిన ఈ పని 2005లో అచ్చయింది. రెండింటికీ పొంతనే కుదరలేదు. విచిత్రమేమంటే, అక్కడ జనం చెప్పింది తమ సొంత దేశం గురించే.

మీ ఆయన అన్న ఆశ్రమాల సంగతే తీసుకోండి. జర్మనీ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2021 చివరికి ఒకరి సాయం లేనిదే రోజు గడవనివాళ్ళు సుమారు 50 లక్షల మంది. వాళ్ళలో ప్రతి ఆరుగురిలో ఐదుగురు ఇళ్ళలోనే ఉన్నారు. అందులో ఎక్కువమందిని చూసుకుంటున్నది భార్యో భర్తో, కూతురో, కోడలో. ఇక మన సంగతి. అమ్మానాయనలను చూసుకోని పిల్లల నుంచి మనోవర్తి ఇప్పించడానికి మన దేశంలో 2007లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఆ చట్టం కింద అర్జీ పెట్టుకోవాలా వద్దా అని ఏడ్చేవాళ్ళున్నారు, అందరూ మన జిల్లావాళ్ళే. టైము సంగతి కూడా అంతే. జర్మన్లంటే గడియారం అనుకుంటాం. 2024లో అక్కడ దూరప్రాంత రైళ్ళలో మూడోవంతుకు పైగా ఆలస్యంగా నడిచాయి. మీ అబ్బాయి ఎన్నిసార్లు చలిలో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడో అడగండి, చెబుతాడు.

అలాగని అతను అక్కడ నేర్చుకున్నది తీసిపారేయొద్దు. జర్మన్ భాషలోనూ మన నువ్వు, మీరు లాంటివి ఉన్నాయి. “డూ” అంటే నువ్వు, “జీ” అంటే మీరు. కొత్త మనిషి పెద్దవాడైతే చాలు, బ్యాంకు మేనేజరైనా ఆఫీసు ఊడ్చే ఆమె అయినా “జీ” అనే పిలుస్తారు. మన ఇళ్ళలో పనిచేసే ఆమెను, ఆమె మన అమ్మ వయసుదైనా, చిన్నపిల్లలు కూడా “నువ్వు” అంటారు. ఆరేళ్ళు ఆ “జీ” చెవిన పడ్డవాడికి ఆ గ్లాసు కంట్లో నలుసులా పడటంలో ఆశ్చర్యం లేదు. అయితే అతను కొలబద్దగా పెట్టుకున్న ఆ దేశం కూడా ఈ విషయంలో కడిగిన ముత్యం కాదు. 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని పశ్చిమ జర్మనీ తన ఫ్యాక్టరీలకు కూలీలను తెచ్చుకుంది. వాళ్ళను “అతిథి కార్మికులు” అన్నారు. ఆ అతిథులను పెట్టింది చాలాచోట్ల ఊరికి దూరంగా ఉన్న షెడ్లలో, ఒక్కో గదిలో నలుగురైదుగురిని కుక్కి. పని అయిపోగానే వెళ్ళిపోతారులే అనుకున్నారు. వాళ్ళ మనవళ్ళు ఈరోజుకీ “నువ్వు అసలు ఎక్కడివాడివి?” అన్న ప్రశ్న వింటూనే ఉన్నారు. ఈ కథ మీ అబ్బాయి తెలుసుకోవాలి. ఎందుకంటే అది వాళ్ళ నాయన కథ కూడా.

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే, కువైట్‌లోని ఆ కప్పు దగ్గర. రాయచోటి, రాజంపేట వైపు కువైట్ డబ్బుతో లేచిన మేడలు అందరికీ కనబడతాయి. ఆ మేడ కట్టిన మనిషి ఎక్కడ పడుకున్నాడో, దేనిలో తిన్నాడో ఇంట్లోవాళ్ళు కూడా అడగరు. మీ ఆయన అక్కడ పనిచేసిన కాలంలో చాలాభాగం ఇంటి పనివాళ్ళకు కార్మిక చట్టం వర్తించేది కాదు. వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని రాసిన చట్టం 2015లో గానీ రాలేదు, అప్పటికి ఆయన తిరిగొచ్చే ఏడాది దగ్గర పడింది. దానికి ముందు అంతా కఫీల్ దయ, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని దయ. పేరు తెలిసినా “హిందీ” అని పిలిచేవాళ్ళు ఉండి ఉంటారు. అరబ్బీలో ఆ మాటకు ఇండియావాడు అని అర్థం. తెలుగు తప్ప ఇంకో భాష రాకుండా పోయిన మన మనిషికి ఆ పిలుపు ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి. ఆయన కువైట్‌ను డ్రైవరు గది నుంచి చూశారు. కొడుకు జర్మనీని కాలేజీ నుంచి, ఆఫీసు నుంచి చూశాడు. ఇద్దరూ చూసింది నిజమే. కానీ ఒక్క గుమ్మంలో నిలబడి చూసినదానికి ఇద్దరూ దేశం పేరు పెట్టుకున్నారు.

మన కడపలోనే ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ పేరుతో గ్రంథాలయం ఉంది. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన ఆ ఇంగ్లీషాయన వేమన పద్యాల తాళపత్రాలు వెతికించి, చదివించుకుని, 1829లో అచ్చు వేయించాడు. ఆ కాలంలోనే, ఆ దేశంవాడే మెకాలే 1835లో, తనకు సంస్కృతం గానీ అరబ్బీ గానీ రాదని ఒప్పుకుంటూనే మన సాహిత్యమంతా కలిపినా మంచి యూరప్ గ్రంథాలయంలోని ఒక్క అర పుస్తకాలకు సాటిరాదని రాశాడు. ఇద్దరిలో ఎవరిని చూసి ఇంగ్లీషువాళ్ళు ఇలాంటివాళ్ళు అని చెప్పాలి?

ఇక మీరు చేయాల్సింది. ముందు గ్లాసు సంగతి మీ చేతిలోనే ఉంది, అది ఎవరి అనుమతీ అక్కర్లేని పని. రేపు ఆమె వచ్చినప్పుడు మీరు తాగే గ్లాసుల్లోంచే ఒకటి తీసి కాఫీ పోయండి. కొడుకు గెలిచాడని కాదు, ఆమె కోసం. మొదటిరోజు ఆమే మొహమాటపడుతుంది, ఆ గ్లాసు వద్దమ్మా అంటుంది. మీరు ఊరకే ఉండండి. కనుమ రోజు జరిగినదానికి ఆమెకు ఒక మాట చెప్పండి.

మీ ఆయనతో మాత్రం “నువ్వూ అక్కడ అట్లే పడ్డావు కదా, మరి ఇక్కడ ఎందుకు ఇట్లా?” అని అనొద్దమ్మా. అది నిజమే అయినా పుండు మీద కారం చల్లినట్లు ఉంటుంది. ఎన్నో ఏళ్ళు ఆయన ఆ అవమానాన్ని మింగింది మీ కోసం. ఆ ముసలావిడ గురించి అడగండి. ఆమె పేరేమి, ఆయన్ని ఏమని పిలిచేది, ఆమె పోయిందని వినగానే ఏది గుర్తొచ్చి అన్నం సహించలేదు అని. అరబ్బుల గురించి అడిగితే ఆయన తిడతారు. ఆమె గురించి అడిగితే చెబుతారు. ఆ కప్పు సంగతి కూడా ఆ మాటల్లోనే ఎప్పుడో వస్తుంది. వచ్చినప్పుడు తీర్పు చెప్పకుండా వినండి. తనే ఆ కప్పు నుంచి ఈ గ్లాసు దాకా నడిచి వస్తారేమో, రాకపోయినా ఫరవాలేదు.

మీ అబ్బాయికి ఈ కప్పు సంగతి మీరే చెప్పండి, ఫోన్లో కాకుండా వాయిస్ మెసేజ్‌గా పెట్టండి. మధ్యలో వాదించడానికి వీలుండదు, ఒంటరిగా రెండుసార్లు వింటాడు. చుట్టాల ముందర అలా అన్నందుకు నాయనకు క్షమాపణ చెప్పాల్సిందేనని కూడా గట్టిగా చెప్పండి, కొడుకు దగ్గర అంత మొహమాటం అక్కర్లేదు. ఇకమీదట “జర్మన్లు ఇట్లా, ఇండియన్లు అట్లా” అన్నప్పుడల్లా “ఎవరు నాయనా? పేరు చెప్పు” అని అడగండి. చుట్టాలకు జవాబు చెప్పే పని పెట్టుకోకండి, ఉగాదికల్లా వాళ్ళకు ఇంకో కబురు దొరుకుతుంది.

తండ్రీకొడుకుల మాటలు కలవడానికి నాకు ఒక దారి కనబడుతోంది. మన లైసెన్స్ జర్మనీలో ఆరు నెలలే చెల్లుతుంది, తర్వాత అక్కడి పరీక్షలు పాస్ కావాలి. మీ అబ్బాయి అది తీసుకున్నాడో లేదో కనుక్కోండి. అక్కడ బండి రోడ్డుకు కుడివైపు నడుస్తుంది, కువైట్‌లోనూ అంతే. మీ ఇంట్లో 11 ఏళ్ళు కుడివైపు బండి నడిపిన మనిషి ఒక్కరే. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి, పిల్లాడు ఇంట్లోనే ఉంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ ఆయన పక్కన కూర్చుని ఉండగా ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి. క్షమాపణ కన్నా ముందు, కుడివైపు నడిపేటప్పుడు ఎడమకు ఎలా తిప్పాలో వాళ్ళ నాయననే అడగమని చెప్పండి.