దొంగ ఈగా? వేట ఈగా?

సందేహం: ఇంగ్లండ్ పచ్చిక బయళ్ల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నానండీ. అందులో ‘రాబర్ ఫ్లై’ అనే ఈగ వచ్చింది. ‘దొంగ ఈగ మిడతను కరిచి తీసుకెళ్తుంది’ అని రాశాను. మావారు ‘జోరీగ అనరాదా’ అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: రెండూ వద్దమ్మా. తెలుగులో ‘దొంగ’ మరో మాట ముందు చేరితే చాలాసార్లు ‘అసలుది కానిది, నటన’ అనే అర్థం వస్తుంది. దొంగ నోటు, దొంగ ఓటు, దొంగ సంతకం, దొంగ ఏడుపు, దొంగ నిద్ర. వీటిలో ఏదీ దొంగతనం చేయదు. ‘దొంగపిల్లి’ అన్నప్పుడు దొంగతనం ఉంది గానీ, అది ఎవరూ చూడకుండా వంటింట్లో దూరి పాలు తాగే రకం. మీ ఈగ అలాంటిది కాదు. ఎండలో నేల మీదో, ఎండిన పేడ మీదో కూర్చుని, ఎదుట ఎగిరేదాని మీద పడి చంపి తింటుంది. జర్మన్‌లో దీని పేరులో ఉన్న ‘రౌబ్’ అనే మాట దోపిడికీ వేటకూ కూడా చెల్లుతుంది. మనకు ఆ రెండూ వేరు. పులి లేడిని చంపితే దోచుకుంది అనం, వేటాడింది అంటాం. అందుకే ‘వేట ఈగ’ అనండి. వేటకుక్క ఎలాగో ఇదీ అలాగే, ఏ పిల్లవాడికైనా వెంటనే తెలుస్తుంది.

జోరీగ సంగతి. పశువుల రక్తం తాగేది, చెవి దగ్గర రొద పెట్టేది జోరీగ. చిత్రమేమిటంటే, 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ కూడా ఈ వేట ఈగకు ‘అసిలస్’ అనే పేరే పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం పశువులను వేధించే ఈగ. కానీ వేట ఈగకు పశువుల రక్తంతో పని లేదు. మీ వ్యాసంలోది ఇంగ్లండ్ దక్షిణాన, వేల్స్‌లో పశువులు మేసే బయళ్లలో ఉండే పెద్ద వేట ఈగ అయితే, అది పశువుల చుట్టుపక్కల ఉండేది పేడ కోసం. పేడ పురుగులను తింటుంది, గుడ్లు కూడా పేడలోనో ఆ దగ్గరలోనో పెడుతుంది.

ఇక క్రియ. పేరు కన్నా నాకు ఇదే ముఖ్యం అనిపిస్తోంది. ‘కరిచి’ అంటే పళ్లతో కరిచినట్టు ఉంది. ఈ ఈగ చేసే పని రెండు దశల్లో ఉంటుంది. మొదట ముళ్లున్న కాళ్లతో గాలిలోనే పట్టేస్తుంది. దీనికి మనకు చక్కటి మాట ఉంది: తన్నుకుపోవడం. గద్ద కోడిపిల్లను తన్నుకుపోయింది అంటామే, అదే. కాళ్లతో ఒడిసిపట్టి ఎగిరిపోవడమంతా ఆ ఒక్క మాటలో వచ్చేస్తుంది. తర్వాత గట్టి తొండంతో పొడిచి లాలాజలం ఎక్కిస్తుంది. అందులోని విషానికి పురుగు కదల్లేకపోతుంది, లోపలి కండ కరిగి రసమవుతుంది, దాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి ఇక్కడ ‘పొడవడం’ గానీ, దోమకు వాడే ‘కుట్టడం’ గానీ సరిపోతుంది. మూతి మీద బిరుసు వెంట్రుకలతో గుబురు మీసం ఉంటుంది, గింజుకునే పురుగు నుంచి ముఖాన్ని కాపాడుకోవడానికి. పిల్లల వ్యాసం కదా, ఆ మీసం వదిలేయకండి.

సంధి గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. వేట + ఈగ కలిపితే ‘వేటీగ’ అవుతుంది, అకార సంధి బహుళం కాబట్టి విడిగా ఉంచినా తప్పు లేదు. కొత్త పేరు కాబట్టి విడిగా రాస్తేనే మేలు. ఈగ అన్న మాట మీదా అభ్యంతరం అక్కర్లేదు. తేనెటీగకు, కందిరీగకు నాలుగు రెక్కలున్నా మనం ఈగ అనే అన్నాం, దీనికైతే నిజంగా ఈగకున్నట్టే రెండే రెక్కలు.

వేట ఈగల్లో 7 వేలకు పైగా జాతులున్నాయి. ఇంగ్లండ్‌లోని ఆ పెద్దది నలుపు, పసుపు రంగులతో అచ్చం పెద్ద కందిరీగలా కనిపిస్తుంది, కందిరీగకున్న కొండి మాత్రం ఉండదు. దాన్ని ‘దొంగ కందిరీగ’ అంటే నేను ఒప్పుకుంటాను, అక్కడ ‘దొంగ’ తన అసలైన తెలుగు అర్థంలోనే ఉంది. మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘వేట ఈగ మిడతను గాలిలోనే తన్నుకుపోయి, తొండంతో పొడిచి, రసం పీల్చేస్తుంది.’